ఉప్పుగాలి ఊళ్లలో ఇంటినీ నీటినీ కాపాడుకునే పద్ధతులు

నెల్లూరు జిల్లాలోని మైపాడు, కొత్తకోడూరు మొదలుకొని ప్రకాశం జిల్లాలోని పాకల, కొత్తపట్నం వరకు సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఊళ్లలో కాపురం ఉండేవారికి కొన్ని ఇబ్బందులు ఎంతగా అలవాటైపోయాయంటే, వాటిని ఇబ్బందులుగా గుర్తించడం కూడా మానేశాం. కిటికీ ఊచలు మూడేళ్లకే తుప్పు పడతాయి. బీరువా అడుగు రేకు పెచ్చులు లేస్తుంది. తెల్లవారేసరికి గోడ చెమర్చి ఉంటుంది. సంక్రాంతికి తియ్యగా ఉన్న బావినీరు మే నెల వచ్చేసరికి నోట పెట్టలేనట్టు మారిపోతుంది. వీటిని వేరువేరు జబ్బులుగా చూసి ఒక్కోదానికి ఒక్కో మందు వెతుక్కుంటూ పోతే డబ్బు ఖర్చవుతుంది గానీ బాధ తీరదు, ఎందుకంటే అన్నిటికీ మూలం ఉప్పే. సముద్రం పక్కన ఉంటూ ఉప్పును రాకుండా ఆపడం ఎవరి తరమూ కాదు. వచ్చిన ఉప్పును నిలవనివ్వకపోవడం మాత్రం ప్రతి ఇంటివారికీ సాధ్యమే. అందుకు కావలసినది మంచినీరు. ఆ మంచినీరే మన ఇసుక నేలల్లో అన్నిటికంటే సున్నితమైన వస్తువు కనుక ముందుగా దాని గురించే వివరంగా చెబుతాను.

నీరు: లోతుకు పోకూడదు

తీరపు ఇసుకలో వాననీరు సులభంగా ఇంకుతుంది. అలా ఇంకిన నీరు, సముద్రం వైపు నుంచి నేల లోపలికి చొచ్చుకువచ్చిన ఉప్పునీటి కంటే తేలికైనది కాబట్టి, దాని మీద ఒక పొరగా తేలుతూ ఉంటుంది. సముద్ర మట్టానికి ఒక అడుగు ఎత్తున మంచినీరు ఉన్నచోట, మట్టానికి దిగువన సుమారు 40 అడుగుల లోతు వరకు మంచినీరు ఉంటుందని శాస్త్రం చెప్పే లెక్క. వినడానికి ఇది ధైర్యంగానే ఉంటుంది గానీ ఇదే లెక్క తిరగబడితే భయం వేస్తుంది: మనం తోడి తోడి పైన ఒక అడుగు తగ్గిస్తే, కింద ఉప్పునీరు కాలక్రమంలో 40 అడుగులు పైకి రాగలదన్నమాట. పైగా రెండు నీళ్లూ కత్తితో కోసినట్టు విడిగా ఉండవు. నడుమ సగం ఉప్పూ సగం తీపీ అయిన పొర ఒకటి ఉంటుంది.

ఈ లెక్క తెలియకపోయినా మన పెద్దలకు సంగతి తెలుసు. అందుకే వారు ఇసుకలో లోతైన బావులకు బదులు దొరువులు తవ్వుకున్నారు. మనిషి దిగి కడవ ముంచుకునేంత లోతు మాత్రమే ఉండే ఆ గుంటల్లో నీరు మెల్లగా ఊరేది. దానితోనే సరుగుడు నారుకూ, కూరగాయల మళ్లకూ కడవలతో పోసుకునేవారు. తోడే మనిషి అలసిపోవడమే ఆ నీటికి రక్షణగా ఉండేది. మోటారుకు అలసట లేదు.

ఉదయగిరి, కనిగిరి వైపు రాతినేలల్లో నీళ్ల కోసం బోరు ఎంత లోతుకు దించితే అంత ఆశ ఉంటుంది. ఆ అనుభవంతోనే బోరు బండివారు మన ఊళ్లలో కూడా 'ఇంకో 40 అడుగులు దించుదాం' అంటారు. మా ఇంట్లో మొదటి బోరు ఇలాంటి మాట విని వేయించినదే. మొదటి ఏడాది నీళ్లు ధారాళంగా పడ్డాయి. రెండో ఎండాకాలానికి సబ్బు నురగ రావడం మానేసింది, మూడో ఏటికి పెరటి కరివేపాకు మాడిపోయింది. పక్క ఇంటివారి పాత దొరువు మాత్రం అప్పటికీ తియ్యగానే ఉంది. అప్పటినుంచి ఎవరు అడిగినా నేను చెప్పే మాట ఒకటే: తీరంలో నీటి కోసం లోతుకు కాదు, వెడల్పుకు పోవాలి.

వెడల్పుకు పోవడమంటే ఏమిటో బాపట్లలోని వ్యవసాయ విశ్వవిద్యాలయపు ఉప్పునీటి పరిశోధన విభాగం చేసి చూపింది. నడుమ ఒక వరల బావి కట్టి, మంచినీటి పొర ఉన్న మట్టంలోనే ఇసుకలో అడ్డంగా చిల్లుల గొట్టాలు పరచి, ఇసుక లోపలికి రాకుండా వాటికి సన్నని నైలాన్ వల చుట్టి, వాటినుంచి ఊరే నీరు బావిలోకి చేరేటట్టు చేస్తారు. దీనిని మెరుగుపరచిన దొరువు అంటారు. ఒకేచోట లోతునుంచి లాగకుండా పైపొరను విశాలంగా మీగడ తీసినట్టు తీయడం దీనిలోని కిటుకు. పొలానికి పెద్దది కావాలి గానీ ఇంటికైతే అంత ఏర్పాటు అక్కరలేదు. నాలుగైదు వరలు దించిన బావి, అర హార్స్‌పవర్ మోటారు చాలు. మోటారును రెండు గంటలు ఒకే పట్టున నడపడం కంటే పొద్దున అరగంట, సాయంత్రం అరగంట నడిపి నడుమ నీరు ఊరనివ్వడం మేలు. మరుగుదొడ్డి గుంటకూ బావికీ కనీసం 50 అడుగుల ఎడం ఉంచుకోవాలి, ఎందుకంటే ఇసుక ఉప్పును ఎంత సులభంగా పోనిస్తుందో మురికినీటినీ అంతే సులభంగా పోనిస్తుంది.

నీటిలో కరిగిన లవణాలను కొలిచే, పెన్నులాగా ఉండే టీడీఎస్ మీటరును ప్రతి ఇంట్లోనూ ఒకటి ఉంచుకోవాలని నా గట్టి అభిప్రాయం. తాగే నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలనీ, వేరే ఆధారం లేనప్పుడు 2000 వరకు ఒప్పుకోవచ్చనీ భారత ప్రమాణాల సంస్థ నిర్ణయించింది. నెలకొకసారి ఒకే వేళకు బావినీటిని కొలిచి క్యాలెండరు మీద రాసిపెట్టుకుంటే, నాలుకకు తెలియకముందే అంకె చెబుతుంది. ఫిబ్రవరిలో 600 ఉన్నది ఏప్రిల్‌కు 900 అయితే మోటారు వాడకం అప్పుడే సగానికి తగ్గించాలి. 2000 దాటాక తగ్గించినా ఆ వేసవికి పెద్దగా ఫలితం ఉండదు. మీటరు లవణాలను మాత్రమే చూపిస్తుందని, క్రిములను చూపించదని మరచిపోకూడదు. తాగే నీటిని గ్రామీణ నీటి సరఫరా విభాగం వారి ప్రయోగశాలలో ఏడాదికొకసారైనా పరీక్ష చేయించుకోవాలి.

మన జిల్లాల్లో పడే వానలో పెద్ద భాగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపు, ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. ఆ మూడు నెలల్లో నేలలోకి దింపుకున్న నీరే మే నెలలో బావిలో తేలుతుంది. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద ఒక సెంటీమీటరు వాన పడితే 900 లీటర్ల పైచిలుకు నీరు వస్తుంది. ఆవిరికీ చిందడానికీ పోయినా 700 లీటర్లు దక్కుతుంది. ఈ నీటిని వీధి కాలువలోకి వదలకుండా బావి పక్కనే తవ్విన ఇసుక గుంటలోకి మళ్లించాలి. మన ఊళ్లలో మాత్రం ఒక జాగ్రత్త కావాలి. వేసవి అంతా సముద్రపు గాలి మిద్దె మీద ఉప్పు పరచి ఉంటుంది కనుక మొదటి రెండు వానల నీటిని బయటకు పోనిచ్చి, మూడో వాన నుంచి గుంటలోకి మళ్లించాలి.

రొయ్యల గుంటల సంగతి చెప్పకుండా నీటి ప్రస్తావన ముగించడం నిజాయితీ కాదు. రొయ్యల సాగు మన తీరంలో వేల కుటుంబాలకు అన్నం పెడుతోంది. అదే సమయంలో అడుగు గట్టిపరచని, చుట్టూ ఊటకాలువ తీయని గుంటలోని ఉప్పునీరు పక్క పొలంలోకీ, ఊరి బావిలోకీ దిగుతుంది. 1996 డిసెంబరులో రొయ్యల సాగు మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన తరువాత, 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. తాగునీటి వనరుకు 100 మీటర్ల ఎడం ఉండాలని ఆ అథారిటీ మార్గదర్శకాలు చెబుతాయి. మీ బావి పక్కన కొత్తగా గుంట తవ్వుతున్నారని తెలిసిన రోజే బావినీటి టీడీఎస్ కొలిచి, తేదీతో ఫొటో తీసి ఉంచుకోండి. ముందు గుంట యజమానితో మాట్లాడి ఊటకాలువ తీయించమని అడగండి. చాలామంది ఒప్పుకుంటారు, ఎందుకంటే వారి ఇల్లూ ఆ ఊళ్లోనే ఉంటుంది. వినకపోతే మత్స్యశాఖకు అర్జీ ఇచ్చి, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా ఇచ్చి, రశీదు తీసుకోండి. మునుపటి కొలతలు చేతిలో లేకపోతే 'ఈ నీళ్లు మొదటినుంచీ ఉప్పే' అన్న మాటకు మీ దగ్గర జవాబు ఉండదు.

ఇల్లు కట్టేటప్పుడు

ఇల్లు కట్టించే సమయంలో చేసే రెండు తప్పులు ఆ తరువాత ఎంత ఖర్చు పెట్టినా సరికావు. ఒకటి, ఉప్పునీటితో కాంక్రీటు కలపడం. రెండు, ఇనుముకు కాంక్రీటు కప్పు, అంటే ఊచను కప్పి ఉంచే కాంక్రీటు మందం, తక్కువ ఉంచడం. కాంక్రీటు లోపలి ఇనుమును ఉప్పులోని క్లోరైడు తుప్పు పట్టిస్తుంది. తుప్పు అసలు ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది. ఆ ఒత్తిడికి స్లాబు అడుగు పగిలి పెచ్చులుగా రాలుతుంది. మంచం మీద పడుకున్నవారి మీద పెచ్చు ఊడిపడిన ఇళ్లు మా ఊళ్లోనే నేను చూశాను. ఇనుము ఉండే కాంక్రీటు కలిపే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించరాదని కాంక్రీటు పనికి భారత ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతుంది. సముద్రపు నీటిలో అది దాదాపు 19 వేలు ఉంటుంది కనుక, ఉప్పు తగిలిన బోరునీరు ఈ హద్దును ఎంత తేలికగా దాటుతుందో ఊహించుకోవచ్చు. పిల్లర్లకూ, బీములకూ, స్లాబుకూ, ఆ తరువాత తడపడానికీ ట్యాంకరుతో మంచినీరు తెప్పించుకోవడమే సరైన పని. కలపడానికి మంచినీరు వాడి, తడపడానికి పెరటి బోరు వదిలే ఇళ్లు చాలా ఉన్నాయి. అది చేజేతులా ఉప్పును ఇంకించడమే.

ఇసుక పెన్నా నుంచి వచ్చిందా, దగ్గరలోని దిబ్బ నుంచి వచ్చిందా అన్నది లారీ దిగాక చెప్పడం కష్టం. అందుకు ఒక చిన్న పరీక్ష ఉంది. ఒక సీసాలో శుద్ధిచేసిన క్యాను నీరు పోసి టీడీఎస్ కొలవండి. అదే సీసాలో మూడో వంతు ఇసుక వేసి బాగా కుదిపి, గంటసేపు తేరనిచ్చి మళ్లీ కొలవండి. అంకె కొద్దిగా పెరగడం సహజం. వందల్లో పెరిగితే ఆ లోడు వెనక్కి పంపాలి.

సముద్రపు గాలికి ఎదురుగా ఉండే కాంక్రీటుకు ఊచల మీద 45 మిల్లీమీటర్ల కప్పు, బలంలో కనీసం ఎం30 రకం మిశ్రమం ఉండాలని అదే ప్రమాణం చెబుతుంది. మేస్త్రీలు అలవాటుగా ఊచల కింద కంకర ముక్కలు పెట్టి పని కానిస్తారు. అవి కాళ్లకు తగిలి జారిపోతే ఊచ నేరుగా చెక్క మీద కూర్చుంటుంది. ఊచలను ఎత్తి పట్టే కవర్ బ్లాకులు కొనిచ్చి, కాంక్రీటు పోసే రోజున ఇంటివారు ఒకరు అక్కడే నిలబడి చూసుకోవాలి.

మరొక సంగతి. మనకు సముద్రం తూర్పున ఉంది, వాకిలీ తూర్పునే కావాలంటాం. అందులో తప్పేమీ లేదు గానీ, ఆ వాకిలికి ముందు వరండా ఉండి, ఆవల సరుగుడు గానీ జీడిమామిడి గానీ అడ్డు ఉంటే ఇంట్లోకి వచ్చే ఉప్పు చాలా తగ్గుతుంది. విద్యుత్ మీటరు, ఏసీ బయటి పెట్టె, మోటారు స్టార్టరు తూర్పు గోడకు ఎప్పుడూ పెట్టకూడదు.

ఇనుము, యంత్రాలు

ఉప్పుకు గాలిలోని తేమను లాక్కునే గుణం ఉంది. గాలిలో తేమ 75 శాతం దాటితే పొడి ఉప్పు కూడా కరగడం మొదలవుతుంది. మన ఊళ్లలో రాత్రివేళ అంత తేమ ఉండని రోజులు తక్కువ. అందుకే వాన పడకపోయినా ఇనుము మీద ఉప్పునీరు ఉన్నట్టే. వారానికొకసారి కిటికీ ఊచలను, గేటును, సైకిలును మంచినీటితో తడిపిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో మళ్లీ తుడిస్తే తుప్పు బాగా తగ్గుతుంది. ఒక గది కిటికీకి పావు బకెట్టు నీరు కూడా పట్టదు.

రంగు వేయించడానికి వానలు ఉప్పును కడిగేసిన తరువాత వచ్చే జనవరి, ఫిబ్రవరి నెలలు అనువైనవి. ఉదయం మంచు ఆరాక, పది గంటల ప్రాంతంలో మొదలుపెట్టి, మధ్యాహ్నం సముద్రపు గాలి జోరందుకునే లోపు ముగించాలి. వైరు బ్రష్‌తో తుప్పు గీకి, మంచినీటితో కడిగి, బాగా ఆరాక, అదే రోజు తుప్పును అడ్డుకునే తొలి పూత అయిన రెడాక్సైడ్ పూయాలి. గీకి వదిలేసి మరునాడు పూస్తే, రాత్రి చేరిన ఉప్పు రంగు కింద చిక్కుకుని పొక్కులు తెస్తుంది. కొత్తగా చేయించుకునేవారు కిటికీలకు ఇనుముకు బదులు గట్టి ప్లాస్టిక్ రకమైన యూపీవీసీ ఎంచుకోవచ్చు. రెయిలింగుకు వాడే స్టెయిన్‌లెస్ స్టీలులో 304 రకం మీద కూడా మచ్చలు పడతాయి. ఖర్చు భరించగలిగితే 316 రకం అడగాలి.

బైకు మీద బీచ్‌కు వెళ్లివచ్చినా, రొయ్యల లారీ కార్చిన నీళ్ల మీద నడిపినా, ఆ రోజే మడ్‌గార్డుల లోపల, సైలెన్సరు అడుగున, చైను మీద మంచినీరు పోసి, ఆరాక చైనుకు నూనె పెట్టాలి. ఏసీ బయటి పెట్టెను, మెయిన్ ఆపిన తరువాత, నెలకొకసారి మెల్లని ధారతో కడగాలి. గ్యాస్ సిలిండరును నేల మీద కాకుండా ప్లాస్టిక్ స్టాండు మీద ఉంచితే అడుగు తుప్పు పట్టదు, గచ్చు మీద మరకా పడదు.

గోడలకు మాత్రం నీళ్లు వద్దు

ఇంతవరకు కడగమని చెప్పాను. చవుడెక్కిన గోడకు మాత్రం దీనికి వ్యతిరేకం చేయాలి. నేలలోని ఉప్పు తేమతో పాటు గోడలోకి పాకి, పడమటి గాలికి తేమ ఆరినప్పుడు తెల్లని పొడిగా పైకి తేలుతుంది. దాన్ని నీటితో కడిగితే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. పొడి బ్రష్‌తో రాల్చి, ఆ పొడిని చేటలోకి ఎత్తి బయట పారవేయాలి. మరక కనబడకుండా ఆయిల్ పెయింటు వేయించడమూ, టైల్స్ అతికించడమూ చాలామంది చేసే పొరపాటు. తేమకు బయటికి దారి లేక ఇంకా పైకి పాకుతుంది. పెచ్చు పూర్తిగా తీసేసి, ఒక వేసవి ఆరనిచ్చి, సున్నపు పూత వేయించడం మేలు.

కరెంటు

వేసవి పొడవునా విద్యుత్ స్తంభాల మీది పింగాణీ ఇన్సులేటర్లకు ఉప్పు పట్టి ఉంటుంది. పెద్ద వాన దానిని కడిగేస్తుంది. మంచు, చిరుజల్లు మాత్రం దానిని తడిపి వదిలేస్తాయి. తడిసిన ఉప్పు మీదుగా కరెంటు పారి లైను ట్రిప్ అవుతుంది. గట్టి వానకు పోని కరెంటు తెల్లవారుజాము మంచుకు పోవడానికి ఇదే కారణం. స్తంభం దగ్గర నిప్పురవ్వలు గానీ 'జుయ్' మనే శబ్దం గానీ గమనిస్తే, స్తంభం నంబరుతో సహా విద్యుత్ ఫిర్యాదుల ఫోన్ నంబరు 1912కు చెప్పండి. స్తంభం నంబరు చెబితే లైన్‌మన్‌కు వెతుకులాట తప్పుతుంది. ఇంట్లో, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ స్విచ్చిని తప్పకుండా పెట్టించుకుని, దాని పరీక్ష మీటను నెలకొకసారి నొక్కి చూడాలి. ఎర్త్ కడ్డీ ఉప్పు నేలలో త్వరగా తినుకుపోతుంది, ఎండిన ఇసుకలోనేమో కరెంటును నేలలోకి పోనివ్వదు. రెండు మూడేళ్లకొకసారి ఎలక్ట్రీషియన్ చేత కొలిపించాలి.

తుపాను, వరద తరువాత

1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపానును చూసినవారికి హెచ్చరికలు పాటించడం గురించి నేను చెప్పనక్కరలేదు. తుపాను నీరు దిగిపోయిన తరువాత చేయవలసిన పనులు మాత్రం ఇప్పటికీ చాలామందికి తెలియవు. కరెంటు వచ్చిందని వెంటనే తడిసిన మోటారు వేయకూడదు. అందులో ఉప్పునీరు దూరి ఉంటే మంచినీటితో కడిగించి, పూర్తిగా ఆరబెట్టించాకే వేయాలి. ఇనుప వస్తువులన్నిటినీ మొదటి రెండు రోజుల్లోనే కడిగేయాలి.

బావిలోకి సముద్రపు నీరు వచ్చినప్పుడు అందరూ మోటారు పెట్టి అడుగు కనబడేదాకా తోడేస్తారు. 2004 డిసెంబరు సునామీ తరువాత శ్రీలంక తీరంలో ఇలాగే చేసిన చోట్ల, కింది ఉప్పునీరు పైకి వచ్చి బావులు మరింత చెడ్డాయి. వాటిని చివరికి బాగుచేసింది ఆ తరువాతి వానలే. కాబట్టి బావిలో నిలిచిన నీటిని, చెత్తను ఒకసారి నెమ్మదిగా తీసి వదిలేయాలి. రోజూ పైపైన కొద్దిగా ముంచి టీడీఎస్ కొలుస్తూ, అంతవరకు తాగడానికి ట్యాంకరు నీరే వాడాలి.

2021 నవంబరులో వచ్చిన పెన్నా వరద వంటివాటిలో బావిలోకి వచ్చేది ఉప్పు కాదు, మురికి. అప్పుడు బ్లీచింగ్ పౌడరు వాడాలి. బావి వ్యాసాన్ని, నీటి లోతును మీటర్లలో కొలిచి, వ్యాసాన్ని వ్యాసంతో, దానిని లోతుతో, దానిని 785తో గుణిస్తే లీటర్లు వస్తాయి. ఒకటిన్నర మీటర్ల వ్యాసం, రెండు మీటర్ల నీరు ఉన్న బావిలో దాదాపు 3,500 లీటర్లు ఉంటుంది. తేరిన నీటికి వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల చొప్పున, అంటే ఈ బావికి సుమారు తొమ్మిది గ్రాముల మంచి పౌడరు కావాలి. దానిని బకెట్టులో ముద్దగా కలిపి, నీరు పోసి పది నిమిషాలు తేరనిచ్చి, పైని తేటను మాత్రమే బావిలో కలిపి, గంట తరువాత వాడుకోవాలి. నీరు బురదగా ఉంటే ఈ మోతాదు చాలదు. ఆరోగ్య కేంద్రం సిబ్బందిని పిలిచి వారు చెప్పిన మోతాదు వేయించాలి. పౌడరు సంచి తెరిచి ఉంచితే బలం పోతుంది. అందుచేత అక్టోబరు మొదటి వారంలోనే కొత్తది తెచ్చి, మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో పోసి, మీద తేదీ రాసి, పిల్లలకు అందనంత ఎత్తులో ఉంచుకోవాలి.